కెచప్ హరామా, దాదా?

బక్రీద్ మరునాటి మధ్యాహ్నం. చికాగో నగర శివారులోని ఒక విశాలమైన ఉద్యానవనం. ఓక్ చెట్ల నీడన పొడవాటి చెక్కబల్లల చుట్టూ ఆరేడు కుటుంబాలు చేరాయి. వాటిలో మా పెద్దబ్బాయి కుటుంబం ఒకటి. మిగిలిన వారిలో హైదరాబాదు వారున్నారు, కర్నూలు వారున్నారు, పాలస్తీనా మూలాలు గల దంపతులున్నారు, చికాగోలోనే పుట్టి పెరిగిన నల్లజాతి ముస్లిం పెద్దాయన ఒకరున్నారు. ఇనుప కమ్మీల పొయ్యి మీద బొగ్గుల సెగకు హలాల్ బీఫ్ సాసేజీలు చిటపటమంటూ కాలుతున్నాయి. అబ్బాయిని, మనుమడిని చూసుకోవడానికి మూడు నెలల కోసం వెళ్లిన మేమూ, మా ఇంటావిడా ఆ బల్ల దగ్గర పెద్దవాళ్లుగా కూర్చున్నాము.

మా మనుమడికి ఆరేళ్లు. వాడు తన రొట్టెలో సాసేజీ పెట్టించుకుని, టమాటా కెచప్ సీసాను రెండు చేతులా పట్టుకొని ఒత్తబోతుండగా, పక్క కుటుంబంలోని పద్నాలుగేళ్ల కుర్రవాడు నవ్వుతూ ఆ సీసాను లాగేసుకున్నాడు. "ఇది చికాగో. ఇక్కడ హాట్‌డాగ్ మీద కెచప్ కూడదు" అన్నాడు. చుట్టూ ఉన్న పెద్దలందరూ నవ్వారు. మా వాడు నవ్వలేదు. 'కూడదు' అనే మాట వాడికి బాగా తెలుసు. దుకాణంలో రంగురంగుల మిఠాయి పొట్లాన్ని తీసుకున్న ప్రతిసారీ తల్లి దాని వెనుక ఉన్న సన్నని అక్షరాలు చదివి, పంది జెలటిన్ కలిసిందని తెలిస్తే "ఇది మనకు కూడదు నాన్నా" అని తిరిగి పెట్టించేది. ఆ మాట విన్నాక వాడు మారాం చేయడు. ఆ రోజూ చేయలేదు. ఉత్త రొట్టె, సాసేజీతో మా పక్కకు వచ్చి కూర్చుని మెల్లగా అడిగాడు: "కెచప్ హరామా, దాదా?"

"కాదు నాన్నా, హలాలే. వేసుకొని తిను" అన్నాము. వాడి ముఖం వికసించింది. సీసా తెచ్చుకున్నాడు, తిన్నాడు, ఆటకు పరుగెత్తాడు. కాని ముప్ఫై ఏళ్లుగా మదరసాలో ఫిఖ్హ్, హదీసు పాఠాలు చెబుతున్న మమ్మల్ని ఆ ప్రశ్న అంత తేలికగా వదలలేదు. ఒకరి నోటి రుచి మరొకరికి శాసనంగా ఎప్పుడు మారుతుంది? పిల్లలు ఆ రెండింటి మధ్య తేడాను ఎవరి నుండి నేర్చుకుంటారు? ఈ వ్యాసం ఆ ఆలోచనల ఫలితమే.

పేరులో ఉన్నది పళ్లెంలో లేదు

హాట్‌డాగ్ అనే పేరు వినగానే మన ఇళ్లలోని పెద్దలు ఉలిక్కిపడటం సహజం. పిల్లవాడు హాట్‌డాగ్ తిన్నాడని మా అబ్బాయి మొదటిసారి ఫోనులో చెప్పినప్పుడు మా ఇంటావిడ "తౌబా, తౌబా" అంటూ చెంపలు వేసుకున్నది. వాస్తవానికి ఇది మెత్తగా రుబ్బిన మాంసంతో చేసిన సన్నని పొడవాటి సాసేజీ. దాన్ని పొడవుగా చీల్చిన మెత్తని రొట్టెలో పెట్టి ఇస్తారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్, ఆస్ట్రియాలోని వియన్నా నగరాల పేర్ల మీద దీన్ని ఫ్రాంక్‌ఫర్టర్ అనీ, వీనర్ అనీ కూడా పిలుస్తారు. ఆ ప్రాంతాల వలసదారులే దీన్ని అమెరికాకు తీసుకువెళ్లారు. సాసేజీలో ఏ జంతువు మాంసం కలుపుతున్నారోనని అనుమానించే ఆ కాలపు జనం, ముఖ్యంగా కళాశాల విద్యార్థులు, ఎగతాళిగా అన్న మాటే 1890లలో పేరుగా స్థిరపడిపోయింది.

పేరు విషయంలో ముస్లిం సమాజాలు కూడా ఆలోచించకపోలేదు. మలేషియాలో హలాల్ ధ్రువీకరణ ఇచ్చే ప్రభుత్వ ఇస్లామీయ వ్యవహారాల శాఖ 2016లో, హలాల్ ముద్ర కోరే ఆహారానికి 'డాగ్' అనే పేరు తగదని, అది వినియోగదారులను అయోమయంలో పడవేస్తుందని అభిప్రాయపడింది. అమెరికాలోని ముస్లింలు మాత్రం పేరును పేరుగానే తీసుకుని, లోపల ఉన్న మాంసం ఏదో, దాన్ని ఎలా జిబహ్ చేశారో చూసుకుంటారు.

ఇది మొదటి నుండి పేదవాడి ఆహారం. న్యూయార్క్ సముద్రతీరంలోని కోనీ ఐలండ్‌లో చార్లెస్ ఫెల్ట్‌మన్ అనే జర్మన్ వలసదారు 1867లో తోపుడు బండి మీద రొట్టెలో సాసేజీ పెట్టి అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆయన వ్యాపారం పెద్ద భోజనశాలగా ఎదిగింది. అందులో పనిచేసిన పోలండ్ వలసదారు నాథన్ హాండ్‌వెర్కర్ 1916లో సొంత దుకాణం తెరిచి, యజమాని 10 సెంట్లకు అమ్మే దాన్ని 5 సెంట్లకే అమ్మాడు. నిలబడి, ఒక చేత్తో పట్టుకొని, పళ్లెం లేకుండా తినగల వేడి భోజనం కూలి జనానికి అలా దొరికింది.

చికాగో వారి 'తోట'

సాసేజీ, రొట్టె అన్ని ఊళ్లలోనూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా పైన వేసే వాటిలోనే ఉంటుంది. అమెరికన్లు వాటిని టాపింగ్స్ అంటారు. మన అన్నానికి పచ్చడి, పులుసు, పొడి ఎలాంటివో, దానికి అవి అలాంటివి.

చికాగో పద్ధతిలో గసగసాలు చల్లిన రొట్టెను ఆవిరి మీద మెత్తబరుస్తారు. అందులో బీఫ్ సాసేజీ పెట్టి, పసుపుపచ్చని మస్టర్డ్, సన్నగా తరిగిన ఉల్లిపాయ, మెరిసే ఆకుపచ్చ రంగులో ఉండే తియ్యని దోసకాయ రెలిష్, టమాటా ముక్కలు, సోయికూర వాసన వేసే దోసకాయ ఊరగాయ బద్ద ఒకటి, సిర్కాలో ఊరిన చిన్న పచ్చిమిరపకాయలు, చివరగా చిటికెడు సెలరీ ఉప్పు వేస్తారు. ఇన్ని కూరగాయలు ఉన్నందున దాన్ని తోటలో ఈడ్చుకొచ్చిన హాట్‌డాగ్ అని సరదాగా అంటారు. ఆస్ట్రియా, హంగేరీల నుండి వచ్చిన ఇద్దరు యూదు వలసదారులు 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో తమ బీఫ్ సాసేజీలను అమ్మి పేరు తెచ్చుకున్నారు. ఆ తరువాత 1930ల ఆర్థిక మాంద్యంలో, ఐదు సెంట్లకు మాంసం, రొట్టె, కూరగాయలు అన్నీ కలిసి కడుపు నింపే భోజనంగా ఈ 'తోట' ప్రజాదరణ పొందింది. అంటే ఈ నాటి రుచి వెనుక ఆ నాటి ఆకలి ఉన్నది.

ఇక కెచప్ సంగతి. అది తియ్యగా ఉండి మిగిలిన రుచులన్నింటినీ కప్పివేస్తుందని చికాగో వారి వాదన. టమాటా ముక్కలు, తియ్యని రెలిష్ ఎలాగూ ఉన్నాయి, మళ్లీ తియ్యని టమాటా ఎందుకు అంటారు. కొన్ని దుకాణాలలో అసలు కెచప్ ఉంచరు. హాట్‌డాగ్ తయారీదారుల జాతీయ మండలి సరదాగా రూపొందించిన మర్యాదల పట్టికలో కూడా, 18 ఏళ్లు దాటినవారు హాట్‌డాగ్ మీద కెచప్ వేసుకోరాదని ఉంది. ఆ లెక్కన మా ఆరేళ్ల మనుమడికి ఇంకా పన్నెండేళ్ల గడువున్నది! పాపం, ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

ఊరికొక రుచి

చికాగో వారి నియమం వేరే ఊళ్లో చెల్లదు. న్యూయార్క్‌లో తోపుడు బండ్ల వాళ్లు ఉప్పు పట్టించి పులియబెట్టిన క్యాబేజీ తురుము వేస్తారు. దాన్ని సౌర్‌క్రౌట్ అంటారు. దానితోపాటు టమాటాతో మగ్గించిన ఉల్లిపాయల ముద్ద, ఘాటైన గోధుమరంగు మస్టర్డ్ ఉంటాయి. డెట్రాయిట్‌లో గ్రీకు వలసదారులు ఒక శతాబ్దం క్రితమే చిక్కుడు గింజలు లేని పలుచని ఖీమా పులుసును దాని మీద పోసి, మస్టర్డ్, ఉల్లిపాయలతో అమ్మడం మొదలుపెట్టారు. సిన్సినాటీలో బాల్కన్ ప్రాంతపు వలసదారులు ఆ ఖీమాలో దాల్చినచెక్క వంటి మసాలాలు కలిపారు. పైన జున్ను తురుము గుట్టగా పోస్తారు. మన ముక్కుకు ఆ వాసన సుపరిచితంగానే ఉంటుంది. ఇక మెక్సికో సరిహద్దున ఉన్న ఆరిజోనాలో ఉడికించిన చిక్కుడు గింజలు, టమాటా, ఉల్లిపాయ, మయొనైజ్ వేస్తారు. అయితే అక్కడ సాసేజీకి పంది మాంసపు పొర చుట్టడం ఆనవాయితీ కనుక ఆ రూపంలో అది మనకు నిషిద్ధం.

ఈ జాబితాలో ఒక విషయం గమనించాలి. వియన్నా వారు, గ్రీకులు, మెక్సికన్లు, ఎవరికి వారు తమ ఇంటి రుచిని తెచ్చి ఈ రొట్టె మీద పెట్టారు. ఏ ఒక్కరిదీ ఆకాశం నుండి దిగిన శాసనం కాదు. ప్రతి 'అసలైన పద్ధతి' వెనుకా ఒక వలస కుటుంబపు వంటగది ఉన్నది.

ఆ రోజు మా బల్ల మీద కూడా అదే జరిగింది. పాలస్తీనా సోదరుడు తాహినీ, సిర్కాలో ఊరవేసిన ఎర్ర ముల్లంగి తెచ్చాడు. హైదరాబాదు వారి అమ్మాయి పుదీనా చట్నీ సీసా తీసింది. నల్లజాతి పెద్దాయన మాత్రం మస్టర్డ్, రెలిష్, ఉల్లిపాయ తప్ప వేరేదేదీ ముట్టలేదు. ఆయన చెప్పిన మాట మాకు బాగా గుర్తుండిపోయింది. ఆయన చిన్నతనంలో తండ్రి ఇస్లాం స్వీకరించారట. ఇంట్లో నుండి పంది మాంసం కలిసిన సాసేజీలు ఆ వారమే వెళ్లిపోయాయి, బీఫ్ వచ్చింది. కాని పైన వేసుకునేవి మాత్రం ఒక్కటీ మారలేదు. "మా నాన్న రొట్టెలోని మాంసాన్ని మార్చారు. మస్టర్డ్‌ను మార్చవలసిన అవసరం రాలేదు" అన్నారాయన. ఎన్నో గ్రంథాలు తిరగేసిన మేము, హద్దు ఎక్కడ ఉంటుందో ఇంత సూటిగా చెప్పిన మాట అరుదుగా విన్నాము.

ఆవపిండి, పసుపు, సిర్కా

"మీరేం వేసుకుంటారు అబ్బా?" అని కోడలు అడిగింది. ఇంటి నుండి తెచ్చుకున్న ఆవకాయ సీసా చూపించాము. అందరూ నవ్వారు. ఒక ముక్క చిదిపి, ఆ ఎర్రటి పిండిని సాసేజీ పొడవునా రాసుకున్నాము. బాగున్నది. ఎందుకు బాగున్నదో ఇంటికి వెళ్లాక మస్టర్డ్ సీసా మీది అక్షరాలు చదివితే అర్థమైంది. అందులో ఉన్నవి రుబ్బిన ఆవాలు, సిర్కా, ఉప్పు, పసుపు. అమెరికన్ మస్టర్డ్‌కు ఆ పచ్చటి రంగు ఆవాల వల్ల కాదు, మన పసుపు వల్ల వచ్చింది. 1904లో సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పరిచయమైన ఆ పచ్చని మస్టర్డ్ ఇప్పటికీ హాట్‌డాగ్‌కు విడదీయరాని తోడు. మన ఆవకాయ పేరులోనే ఆవ ఉన్నది. వారు ఆవపిండిని సిర్కాలో కలిపారు, మనం నూనెలో కలిపాము.

మరి మన ఆవకాయలోని కారం ఎక్కడిది? మిరపకాయ, టమాటా రెండూ అమెరికా ఖండాల నుండి పోర్చుగీసు నావికుల కాలంలో మన దేశం చేరినవే. గుంటూరు మిరప లేని ఆవకాయను మనం ఊహించలేము. కాని కొన్ని శతాబ్దాల క్రితం మన పూర్వీకులకు మిరపకాయ అంటేనే తెలియదు. ఈ రోజు మనం 'మన అసలు రుచి' అని పట్టుబట్టేది ఒకనాడు ఎవరో ఒక కొత్త కోడలు భయపడుతూ వండి పెట్టినదే అయి ఉంటుంది!

'కూడదు' ఎక్కడ మొదలవుతుంది?

అలాగని 'ఎవరి రుచి వారిది' అంటూ అన్నింటినీ వదిలేయలేము. మనకు హద్దులున్నాయి. విదేశాలలో ఉన్న మన పిల్లలకు, ఇక్కడి నగరాల్లో ఇలాంటి ఆహారం కొనే తల్లిదండ్రులకు నాలుగు విషయాలు ఉపయోగపడతాయి.

మొదటిది, మాంసం. హాట్‌డాగ్‌లో పంది, గొడ్డు, కోడి, టర్కీ మాంసాలు విడిగానూ, కలగలిపి కూడా వాడతారు. చికెన్ అని రాసి ఉన్న సాసేజీకి కూడా పైపొర పంది పేగుతో చేసినది కావచ్చు. కనుక నమ్మదగిన హలాల్ గుర్తు చూసి కొనాలి. అమెరికాలో చంద్రవంక పక్కన 'ఎమ్' అక్షరం ఉండే ఇఫాంకా సంస్థ గుర్తు అందరికీ తెలిసినదే.

రెండవది, పొయ్యి. బహిరంగ ప్రదేశాల్లో అదే కమ్మీల మీద ఇతరులు పంది మాంసం కాల్చి ఉంటారు. కమ్మీలను బాగా కడిగి రుద్దడమో, అల్యూమినియం రేకు పరచడమో చేయాలి. మా అబ్బాయి వాళ్లు సొంత కమ్మీలే వెంట తెచ్చుకున్నారు.

మూడవది, పైన వేసేవి. ఉల్లి, టమాటా, సాధారణ మస్టర్డ్, రెలిష్, కెచప్‌లలో సందేహించవలసినది ఏమీ కనిపించదు. కాని కొన్ని ఖరీదైన మస్టర్డ్ రకాల్లో వైన్ కలుపుతారు. భోజనశాలల్లో ఖీమా పులుసులో పంది మాంసమో, బీరో ఉండవచ్చు. సౌర్‌క్రౌట్‌ను పంది కొవ్వుతో వండేవారున్నారు. అడిగి తెలుసుకోవడం నామోషీ కాదు.

నాల్గవది, ఆరోగ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో, ఇలా నిల్వ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ప్రతిరోజూ 50 గ్రాములు, అంటే ఇంచుమించు ఒక సాసేజీ చొప్పున తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం ఎక్కువని అంచనా వేసింది. పండుగకో, విహారానికో తినడం వేరు, రోజూ టిఫిను డబ్బాలో పెట్టడం వేరు. నాలుగేళ్లలోపు పిల్లలకు గుండ్రని ముక్కలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది. నిలువుగా చీల్చి, చిన్న ముక్కలు చేసి పెట్టాలి.

ఇవి హద్దులు. వీటి విషయంలో 'కూడదు' అనవలసిందే. కాని ఈ హద్దుల లోపల ఉన్న మైదానం ఎంతో విశాలమైనది. సిర్కానా, కెచప్పా, ఆవకాయా అన్నది ఆ మైదానంలోని విషయం. అక్కడ 'నాకు నచ్చదు' అనే హక్కు అందరికీ ఉన్నది. 'ఇది తినదగినది కాదు' అని తీర్పు చెప్పే అధికారం మాత్రం ఎవరికీ లేదు. నోటికి వచ్చినట్లు ఇది ధర్మసమ్మతమనీ అది నిషిద్ధమనీ ప్రకటించవద్దని దివ్య ఖుర్‌ఆన్ అన్‌నహ్ల్ సూరాలో హెచ్చరించింది కదా.

అదే ప్రశ్న, పధ్నాలుగు శతాబ్దాల క్రితం

మా మనుమడు అడిగిన ప్రశ్నను దైవప్రవక్త (సఅసం) సన్నిధిలో సహాబీలు కూడా అడిగారు. హజ్రత్ మైమూనా (రజి) గారింట కాల్చిన ఉడుమును వడ్డించారు. అదేమిటో తెలియగానే దైవప్రవక్త (సఅసం) చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది హరామా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదనీ, తమ జాతి వారి నేలపై అది లేనందున తమకు మనస్కరించడం లేదనీ ఆయన (సఅసం) తెలిపారు. ఖాలిద్ (రజి) ఆ పళ్లాన్ని తన వైపుకు లాక్కుని తిన్నారు, దైవప్రవక్త (సఅసం) చూస్తూ ఉన్నారు. ఆ జంతువు విషయంలో ఫిఖ్హ్ ఇమాముల మధ్య చర్చ ఉన్నది, మా హనఫీ పండితుల అభిప్రాయం వేరు. మేము ఇక్కడ గమనించమంటున్నది ఆ దస్తర్‌ఖాన్ మర్యాదను. తన అయిష్టానికి ఆయన (సఅసం) చెప్పిన కారణం తన ఊరు, తన అలవాటు. వంటను నిందించలేదు, తింటున్న వారిని వారించలేదు.

వెల్లుల్లి విషయంలోనూ అంతే. మదీనాలో తొలినాళ్లలో ఆతిథ్యమిచ్చిన హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) పంపిన భోజనం ఒకనాడు ముట్టకుండా తిరిగి వచ్చింది. కంగారుపడి, ఇది హరామా అని ఆయనా అడిగారు. కాదు, దాని వాసన తమకు సరిపడదని సమాధానం లభించింది. మరొక రోజు ఇంట్లో రొట్టెకు నంజుకోవడానికి సిర్కా తప్ప ఏమీ లేదన్నారు. దైవప్రవక్త (సఅసం) దాన్నే తెప్పించుకొని, ఎంత మంచి నంజుడు అని మెచ్చుకుంటూ తిన్నారు. ఉన్నదాన్ని మెచ్చుకోవడం వల్ల ఆ ఇంటివారి మనసు ఎంత తేలికపడి ఉంటుందో ఊహించండి. ఇక భోజనానికి ఆయన (సఅసం) ఎన్నడూ వంక పెట్టలేదనీ, ఇష్టమైతే తినేవారనీ, లేకపోతే మానేసేవారనీ హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపిన హదీసు మనందరికీ తెలుసు.

తెలుసు. ప్రతి ఏటా మేము ఆ హదీసును విద్యార్థులకు పాఠంగా చెబుతూనే ఉన్నాము.

మా దస్తర్‌ఖాన్ మీద

ఆ రాత్రి మనుమడి ప్రశ్న గురించి మాట్లాడుకుంటుండగా మా ఇంటావిడ ఒక మాట అన్నది: "వాడి సంగతి సరే. వాడి తల్లికి మీరు ఉగ్గాని కూడదన్నారు, గుర్తుందా?"

గుర్తు లేదు. ఆమె గుర్తు చేసింది. మాది గుంటూరు జిల్లా, కోడలిది కర్నూలు. తొమ్మిదేళ్ల క్రితం, పెళ్లయిన మొదటి వారంలో, ఆ అమ్మాయి తెల్లవారుజామునే లేచి తన పుట్టింటి టిఫిను చేసింది. బొరుగులు నానబెట్టి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి తెచ్చింది. బొరుగులంటే మా వైపు మరమరాలు. మేము పళ్లెంలోకి చూసి, "మరమరాలు కరకరలాడుతూ తినాలి గాని నీళ్లలో నానబెట్టి తింటారా? మా వైపు జ్వరం వచ్చినవాడికి కూడా ఇది పెట్టరు" అన్నామట. అందరూ నవ్వారట. తనూ నవ్వి, పళ్లెం తీసుకుపోయి ఇడ్లీలు తెచ్చిందట. ఆ తరువాత ఈ తొమ్మిదేళ్లలో మా ఎదుట ఆ వంటకం మళ్లీ కనబడలేదు.

చికాగోలో కెచప్ సీసా లాక్కున్న కుర్రవాడు పద్నాలుగేళ్ల పిల్లవాడు. అతను చేసింది సరదా. మేము ఆనాడే నలభై దాటినవాళ్లం, గడ్డం నెరుస్తున్నవాళ్లం, ఇంటి పెద్దలం. మేము హరామ్ అనలేదు, నిజమే. కాని ఆ ఇంట్లో ఆ రోజు నుండి అది హరామ్‌లాగే మాయమైంది. మాట తేడా తప్ప ఫలితం ఒక్కటే. పైగా కెచప్ గురించి మనుమడు మమ్మల్ని అడగగలిగాడు. కొత్త కోడలు ఎవరిని అడుగుతుంది?

మన ఇళ్లలో ఇలాంటివి ఎన్నో జరుగుతాయి. "మా అమ్మ చేసిన దాల్చా ఇలా ఉండదు" అంటాడు భర్త. "మీ ఊళ్లో బిర్యానీలో ఆలుగడ్డ వేస్తారా!" అని ఆశ్చర్యపోతుంది అత్తగారు. అనేవారికి అది ఒక పూట మాట. వినేవారికి అది పుట్టింటి మీద తీర్పు. రుచి నాలుక మీద పుట్టేది కాదు. అది ఎవరి చేతి ముద్ద తిని పెరిగామో ఆ చేతి జ్ఞాపకం. దాన్ని వెక్కిరిస్తే ఆ చేతిని వెక్కిరించినట్లే.

మరునాడు ఫజ్ర్ నమాజు తరువాత వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, ఈ దేశంలో బొరుగులు దొరుకుతాయా?" అని కోడలిని అడిగాము. చికాగోలో డెవాన్ అవెన్యూ అనే వీధి ఉన్నది. అక్కడ హైదరాబాదీ దుకాణాలలో మన వైపు సరుకులన్నీ దొరుకుతాయని విన్నాము, వెళ్లి తెద్దామనుకున్నాము. కోడలు ఒక క్షణం మా వైపు చూసి, "ఇంట్లోనే ఉన్నాయి అబ్బా" అన్నది. పై అరలో, పిండి డబ్బాల వెనుక నుండి పెద్ద డబ్బా తీసింది. నిండుగా ఉన్నది. ప్రతి శనివారం చేసుకుంటారట. మేము వచ్చిన మూడు వారాలుగా ఆ డబ్బా వెనక్కి వెళ్లిపోయింది.

"ఆనాడు మేము అన్న మాట తప్పు. క్షమించు తల్లీ" అన్నాము. "అయ్యో, అదేం మాట అబ్బా" అంటూ తను అటు తిరిగి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఉల్లిపాయలవో మరేమో, కళ్లు తుడుచుకుంటూనే ఉన్నది.

ఉగ్గాని తిన్నాము. దాచడం ఎందుకు, మా నాలుకకు అది ఇప్పటికీ అన్నింటికంటే ఇష్టమైన టిఫిను కాలేదు. మాకు ఇడ్లీయే ఇష్టం. అది మా నోటి సంగతి. కాని బజ్జీ కొరుక్కుంటూ తింటే పుట్నాల పొడి కమ్మదనం బాగున్నదని చెప్పాము, అది నిజం కనుక. మెచ్చుకోవడానికి అబద్ధం ఆడనక్కరలేదు. నచ్చిన ఒక్క సంగతిని వెతికి చెబితే చాలు, నచ్చనిదాన్ని మింగేయడం కష్టమేమీ కాదు.

ఇంతలో మా మనుమడు కళ్లు నులుముకుంటూ వచ్చి కూర్చున్నాడు. పళ్లెం ముందుకు లాక్కుని అటూ ఇటూ చూశాడు. ఫ్రిజ్ తెరిచి కెచప్ సీసా తెచ్చుకున్నాడు. ఉగ్గాని మీద కెచప్! వాడి తల్లి చటుక్కున మా ముఖం చూసింది. మా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, సీసా మూత బిగుసుకుపోయి వాడికి రాకపోతే, తీసి ఇచ్చాము.